శాలువా కప్పాక ఏం చేస్తున్నాం?

ఐస్ హాకీ మన పిల్లలు ఆడే ఆట కాదు. మంచు గడ్డ మీద స్కేట్లు కట్టుకుని, రబ్బరు బిళ్లను కర్రలతో తోస్తూ ఆడతారు. మనకు క్రికెట్ ఎంతో కెనడా వాళ్లకు అది అంత. ఆ ఆటను ఇంటింటికీ వినిపించిన తరం ఇప్పుడు సెలవు తీసుకుంటోంది. యాభై ఏళ్లు మైకు ముందున్న బాబ్ కోల్ 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. పిట్స్‌బర్గ్ వ్యాఖ్యాత మైక్ లాంగ్ 2025 ఫిబ్రవరిలో మరణించారు. ఇద్దరూ ఫాస్టర్ హ్యూయిట్ స్మారక పురస్కారం అందుకున్నవారే.

హ్యూయిట్ 1923లో టొరంటోలో రేడియోలో హాకీ వ్యాఖ్యానం మొదలుపెట్టారు. ఆయన పేరిట 1984 నుంచి ఈ పురస్కారం ఇస్తున్నారు. ఎవరికివ్వాలో తోటి వ్యాఖ్యాతల సంఘమే నిర్ణయిస్తుంది. గ్రహీతల పేర్లు టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కనిపిస్తాయి.

మనకు ఆసక్తి కలిగించేది తొలి ఏడాది జాబితా. అందులో హ్యూయిట్‌తో పాటు రెనే లెకవలియే పేరు ఉంది. ఆయన చెప్పింది ఇంగ్లిష్‌లో కాదు, ఫ్రెంచిలో. కెనడాలో ఫ్రెంచి మాట్లాడేవారు అల్పసంఖ్యాకులు. అయినా అక్కడ టీవీలో ఎన్‌హెచ్‌ఎల్ ఆట తొలిసారి వచ్చింది ఫ్రెంచిలోనే. 1952 అక్టోబరు 11న మాంట్రియల్ నుంచి లెకవలియే దాన్ని వినిపించారు. ఇంగ్లిష్ ప్రసారం నవంబరులో గాని రాలేదు. ఇంగ్లిష్ మాటలతో నిండిన ఆటకు ఆయన ఫ్రెంచి మాటలు అలవాటు చేశారు. ‘పక్’ను ‘రొండెల్’ అన్నారు, ‘స్లాప్‌షాట్’ను ‘లాన్సే ఫ్రాపే’ అన్నారు. వారం వారం వినివిని ఆ మాటలు జనం నోట నిలిచాయి. అంటే ఆ గౌరవం గొంతుకే కాదు, భాషకు చేసిన సేవకూ దక్కింది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ఆయన మొదలుపెట్టిన శనివారం కార్యక్రమం ప్రభుత్వ ఫ్రెంచి చానల్ రేడియో-కెనడాలో 2004లో ఆగిపోయింది. ప్రసార హక్కులు ఓ ప్రైవేటు క్రీడా చానల్‌కు వెళ్లాయి. ఫ్రెంచి వ్యాఖ్యానం బతికింది గాని, అందరికీ ఉచితంగా అందే వేదిక పోయింది. హాల్లో పేరు ఉన్నంత మాత్రాన ఆ వేదిక నిలవలేదు.

పంజాబీ అనుభవమూ ఇదే చెబుతుంది. 2008లో హాకీ వ్యాఖ్యానం పంజాబీలో మొదలైంది. మధ్యలో స్పాన్సర్లు లేక ఆగింది. ప్రేక్షకులు గట్టిగా అడిగితే మళ్లీ వచ్చింది. 2016 ఫైనల్లో బొనీనో గోల్ కొట్టినప్పుడు హర్‌నారాయణ్ సింగ్ ఆ పేరును ఊపిరి తిప్పుకోకుండా పలికిన తీరు పంజాబీ రానివారికీ నచ్చింది. గెలిచిన పిట్స్‌బర్గ్ జట్టు తమ విజయోత్సవానికి ఆ పంజాబీ బృందాన్ని పిలిచింది. అదే ఏడాది సింగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఇంగ్లిష్ ప్రసారంలోనూ అడుగుపెట్టారు. మాతృభాష ఆయనకు అడ్డు కాలేదు, మెట్టు అయింది.

ఇక మన సంగతి. హోసూరైనా, బరంపురమైనా, సోలాపురమైనా తెలుగు మాస్టారి పదవీ విరమణ నాడు శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం, ఫొటో దిగుతాం. మంచిదే, అది మన ధర్మం. మర్నాటి నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంటే అడిగేవారు ఎందరు? మేం ఉపాధ్యాయులం విన్నపం రాస్తే ఒక కాగితం. నలభై మంది తల్లిదండ్రులు సంతకాలు పెడితే అది డిమాండు. పంజాబీ ప్రసారాన్ని తిరిగి తెచ్చింది వినేవాళ్లు అడిగిన తీరే.

బడిలో మేం చేయగలిగిందీ ఉంది. ఆటల పీరియడ్‌లో కబడ్డీ జరుగుతుంటే ఒక పిల్లవాడు తెలుగులో వ్యాఖ్యానం చెప్పాలి. పరుగెత్తే ఆటను పట్టుకోవాలంటే మాట వెంటనే దొరకాలి. దొరకని మాట కోసం వెతుక్కోవడమే అసలైన భాషా పాఠం. ఇంట్లో క్రికెట్ చూసేటప్పుడు తల్లిదండ్రులు తెలుగు వ్యాఖ్యానం పెడితే ఆ పాఠం ఇంటికీ వస్తుంది.

ఈసారి సన్మాన సభలో రెండు పనులు కలిపి చేద్దాం. శాలువాతో పాటు, ఖాళీ పోస్టు భర్తీ చేయమని కోరే అర్జీ కూడా బల్ల మీద ఉంచుదాం. వచ్చినవాళ్లందరం సంతకం చేశాకే భోజనాలకు లేద్దాం.