రోడ్డు మూసేముందు ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?

కిందటేడు మా ఇంట్లో బాత్రూమ్ టైల్స్ మార్పించాం. నాలుగు రోజుల పని. మేస్త్రీ రేపొస్తాడనగా నేను కింది పోర్షన్ ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పొచ్చాను. "వదినా, రేపట్నించి నాలుగు రోజులు పొద్దున పది నుంచి అయిదు దాకా చప్పుడుంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు నీళ్ళు కట్టేస్తారు, ముందే పట్టి పెట్టుకోండి" అని. ఆవిడ, "అయ్యో, దానికేముంది, మీరు చెప్పారు, అదే చాలు" అంది. పని నాలుగు రోజులకి కాక ఆరు రోజులకయింది. అయిదో రోజు మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు రోజులు పడుతుందని చెప్పాను. ఇందులో నా గొప్పేమీ లేదండీ. పదిళ్ళ మధ్య కాపురం చేసేవాళ్ళెవరైనా ఇంతే చేస్తారు.

మరి ఆరు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుని తవ్వేవాళ్ళకి ఈ పాటి మర్యాద ఎందుకు తెలియదు?

మా ఇల్లు ఉప్పల్ దాటాక, వరంగల్ వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారికి పక్క వీధిలో. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. రెండేళ్ళలో అయిపోతుందన్నారు. అప్పుడు మా చిన్నది రెండో తరగతి. 2025 కూడా వచ్చింది, అది తొమ్మిదో తరగతి పుస్తకాలకి అట్టలేసుకుంది, ఫ్లైఓవర్ మాత్రం పూర్తి కాలేదు. ఆలస్యం గురించి పేపర్లలో చాలా రాశారు, టీవీల్లో చాలా చూపించారు. నా కోపం ఆలస్యం మీద కాదు. ఇన్నేళ్ళలో ఈ రోడ్డు పక్కన బతికే మాకు, మా గుమ్మంలోకొచ్చి, మాకు అర్థమయ్యే మాటల్లో, "ఇదిగో ఇది జరగబోతోంది, ఇన్నాళ్ళు పడుతుంది, మీరు ఇటునుంచి వెళ్ళండి" అని చెప్పిన నాథుడు ఒక్కడూ లేడు. నా కోపం దాని మీద.

మరి మాకు సంగతులు ఎలా తెలుస్తాయంటారా? షేర్ ఆటో అబ్బాయి చెప్తాడు, "అక్కా, రేపట్నించి ఇటు యూటర్న్ లేదంట" అని. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి లేటుగా వచ్చి చెప్తాడు. కూరగాయల బండావిడ చెప్తుంది. వాళ్ళకీ ఎవరూ చెప్పరు. పొద్దున్నే వెళ్ళి, అడ్డంగా పెట్టిన బారికేడ్లని గుద్దుకున్నంత పని చేసి తెలుసుకుంటారు.

దీనికి "చిన్న ఇబ్బందే కదా, సర్దుకుపోవాలి" అనేవాళ్ళకి ఒక రాత్రి సంగతి చెప్తాను.

మా అత్తగారికి ఆయాసం. వానాకాలమంతా గండమే. ఒక రాత్రి పదకొండు దాటాక ఇంట్లో నెబ్యులైజర్ పెట్టినా తగ్గలేదు. పెదవులు రంగు మారుతున్నాయి. ఆటో పిలిచి ఎప్పుడూ వెళ్ళే ఆసుపత్రికి బయల్దేరాం. పది నిమిషాల దారి. మెయిన్ రోడ్డెక్కాక చూస్తే ముందు దారి మూసేశారు. బోర్డు లేదు, లైటు లేదు, అటెళ్ళమని చెప్పే మనిషి లేడు. మా వెనక లారీలు, బస్సులు వచ్చి నిలబడిపోయాయి. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని గాలి కోసం ఎగరేస్తోంటే నేను చేసిందల్లా వీపు నిమరడం, ఏడుకొండలవాడికి మొక్కుకోవడం. ఆసుపత్రికి చేరేసరికి యాభై నిమిషాలు. డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఇంత లేటుగా తీసుకొచ్చారేంటి?"

అత్తగారు బతికి బయటపడ్డారు, దేవుడి దయ. కానీ నేను ఆ ప్రశ్న మర్చిపోలేదు. ఆ రాత్రి దారి మూస్తారని సాయంత్రమే తెలిసుంటే మేం రెండోవైపు ఉన్న ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. లోపలి కాలనీ రోడ్డు పట్టుకునేవాళ్ళం. దగ్గు మొదలైన ఎనిమిది గంటలకే బయల్దేరేవాళ్ళం. మూడు దారులున్నాయి. ఒక్క మాట తెలియక మూడూ పోయాయి. సమాచారం అంటే ఇదండీ. పేపర్లో చదువుకునే వార్త కాదు. ఇంట్లో ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఉన్న ఆడదానికి అది మందుల డబ్బా లాంటిది, చేతికి అందే చోట ఉండాలి.

ఇలా అంటే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు.

మొదటిది, "పేపర్లో వేశాం కదమ్మా" అని. ఏం వేశారు? జాతీయ రహదారుల చట్టం 1956 నాటిది. భూమి తీసుకునేటప్పుడు ప్రకటన సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వెయ్యాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి అంటుందది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇరవై ఒక్క రోజులు గడువు. బాగానే ఉంది. కానీ ఎవరు చెప్పుకోవచ్చు? ఆ భూమిలో హక్కో ప్రయోజనమో ఉన్నవాళ్ళు. మన ఇళ్ళల్లో కాగితాలు ఎవరి పేరు మీద ఉంటాయో నేను మీకు చెప్పక్కర్లేదు. ఆ ప్రకటన నిండా సర్వే నంబర్లు, చదరపు మీటర్లు. అది స్థలం ఉన్న మనిషికి రాసిన ఉత్తరం. రోజూ ఆ రోడ్డు దాటే మనిషికి రాసింది కాదు.

మా వీధి మొదట్లో అద్దె షట్టర్‌లో బ్లౌజులు కుట్టే ఒకావిడ ఉండేది. శ్రావణమాసం వస్తే ఆవిడకి నిద్ర ఉండేది కాదు, అన్ని ఆర్డర్లు. ఒక ఏడాది సరిగ్గా శ్రావణమాసం ముందు ఆవిడ షాపు ముందర తవ్వేశారు. మట్టి గుట్ట దాటి లోపలికి ఎవరు పోతారు? దుమ్ముకి పట్టు బట్టలు బయట పెట్టే వీల్లేదు. ఓనరుకి నష్టం లేదు, అద్దె అద్దే. స్థలం ఆవిడది కాదు కాబట్టి ఆవిడకి చెప్పాలని ఏ చట్టానికీ తోచలేదు. నెల ముందు చెప్పుంటే మిషను ఇంటికి మార్చుకుని, అందరికీ ఫోన్లు చేసుకుని ఆ సీజన్ గట్టెక్కేది. రెండు నెలల అద్దె అప్పు పడి షట్టర్ ఖాళీ చేసింది. ఈవిడ నష్టం ఏ ప్రాజెక్టు ఖర్చులో రాశారో ఎవరైనా చూపించండి.

రెండోది, "అభివృద్ధి కావాలంటే కష్టాలు తప్పవు" అని. ఇది మా వారి మాట కూడా. నేనేమన్నా ఫ్లైఓవర్ వద్దన్నానా? రోజూ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఇరుక్కునేది నేనూ. 2023లో ఉప్పల్ చౌరస్తాలో నడిచేవాళ్ళ కోసం స్కైవాక్ కడితే సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. కష్టం పడతాం, పురుళ్ళు పోసుకున్నవాళ్ళం, కష్టం మాకు కొత్తా? కానీ పురిటికి కూడా డాక్టరు తేదీ చెప్తుంది. బ్యాగు సర్దుకోమంటుంది. తేదీ దాటితే ఎందుకు దాటిందో చెప్తుంది. కష్టం వేరు, చెప్పకుండా పెట్టే కష్టం వేరు.

మూడోది పైకి అనరు గానీ అసలు జవాబు అదే. "ముందే చెప్తే గొడవ చేస్తారు" అని. ఆస్టిన్‌లో ఉండే మా చెల్లెలికి ఇదంతా ఫోన్లో చెప్తుంటే అది వాళ్ళ ఊరి సంగతి చెప్పింది. అక్కడ ఊరి మధ్య నుంచి పోయే ఐ-35 హైవేని ఎనిమిది మైళ్ళ మేర పూర్తిగా తవ్వి మళ్ళీ కడుతున్నారు. 2024లో పని మొదలైంది, 2030 దాటాక గానీ అవదట. పని మొదలవక ముందే, 2023 మొదట్లో, పర్యావరణ అధ్యయనం ముసాయిదా బయటపెట్టి జనాన్ని అభిప్రాయాలు రాయమన్నారు. ఇప్పుడు ఏ రాత్రి ఏ ర్యాంపు మూస్తారో ముందే చెప్తున్నారు. మా చెల్లెలు అది చూసుకుని పిల్లల డ్యాన్స్ క్లాసుకి బయల్దేరుతుంది.

అమెరికా అంటే అంతా గొప్పేనని నేను అనడం లేదు. అక్కడా వందకి పైగా ఇళ్ళూ దుకాణాలూ పోతాయని ఆ అధ్యయనంలోనే ఉంది. చాలామంది వద్దన్నారు, కోర్టుకీ వెళ్ళారు, అయినా పని ఆగలేదు. 1962లో అదే హైవే మొదటిసారి వేసినప్పుడు ఊరి తూర్పున ఉండే నల్లవాళ్ళనీ, మెక్సికన్ కుటుంబాలనీ మిగతా ఊరి నుంచి గోడ కట్టినట్టు విడదీసింది. ఆ తర్వాత ఇలాంటివెన్నో చూశాకే, పెద్ద పనులు చేసే ముందు వాటి పర్యవసానాలు లెక్కగట్టి బయటపెట్టాలని అక్కడ చట్టం తెచ్చుకున్నారు. చెప్పినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. కానీ చెప్తేనే కదా గొడవ పడటానికైనా వీలయ్యేది! గొడవ చేస్తారని చెప్పకపోవడమంటే, పెళ్ళికూతురు ఏడుస్తుందని ముహూర్తం ఆవిడకి చెప్పకుండా దాచడం లాంటిది.

పోనీ మనకి చట్టం లేదా అంటే, ఉంది. సమాచార హక్కు చట్టం, 2005. మనం అర్జీ పెట్టుకుని పది రూపాయలు కట్టి అడిగితేనే చెప్పాలని చాలామంది అనుకుంటారు. కాదండీ. అందులో నాలుగో సెక్షన్, జనం మీద ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు వాటికి సంబంధించిన విషయాలన్నీ ప్రభుత్వమే ముందుగా బయటపెట్టాలంటుంది. ఎవరూ అడగక్కర్లేదు. అదీ స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అన్నీ అందులో ఉన్నాయి.

ఆ బహిరంగ ప్రకటన అన్న మాట చదివితే నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. కాలవకి నీళ్ళు ఆపినా, పశువులకి టీకాలు వేసినా డప్పు కొట్టుకుంటూ చాటింపు వేసేవారు. వీధి వీధిలో ఆగి చెప్పేవారు. చదువు రాని మా అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చునే వినేది. ఊరంతటికీ తెలిసినా తనకి తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇవాళ డిగ్రీ చదివిన నేను, చేతిలో ఫోనున్న నేను, నా ఇంటి ముందు రోడ్డు రేపుంటుందో లేదో తెలియని దాన్నయ్యాను. "ట్విట్టర్‌లో పెట్టాం" అంటారు, ఇంగ్లీషులో. అది కారులో ఆఫీసుకెళ్ళే మనిషికి. మరి అంగన్‌వాడీకి పిల్లని ఎత్తుకెళ్ళే తల్లికి? పొద్దున్నే నాలుగిళ్ళల్లో పనికెళ్ళే మా రాధమ్మకి?

ఖర్చవుతుందంటారా? మా వీధిలోకి రోజూ పొద్దున చెత్త బండి వస్తుంది, మైకులో పాట పెట్టుకుని. ఆ పాట ఒక్క నిమిషం ఆపి, "సోమవారం నుంచి ఫలానా చోట రోడ్డు దాటడానికి వీలుండదు, ఫలానా చోట దాటండి" అని చెప్తే వినని ఆడవాళ్ళుంటారా? ఆ టైముకి అందరం గుమ్మంలోనే ఉంటాం, చేతిలో బక్కెట్టుతో! బస్ స్టాపు దగ్గర తెలుగులో ఒక బోర్డు. స్కూళ్ళకి ఒక కాగితం, వ్యాన్ ఎక్కడ ఆగుతుందో పిల్లలకి ముందే తెలియడానికి. ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి. పని ఆగిపోతే ఎందుకు ఆగింది, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుంది అన్న రెండు వాక్యాలు. కోట్ల రూపాయల పనిలో ఈ ఖర్చు పోపులో ఆవగింజంత.

అందుకే నేను ఒక పని చేశాను, మీరూ చేయండి. మా వీధి ఆడవాళ్ళం పదకొండు మందిమి సంతకాలు పెట్టి ఒక అర్జీ రాశాం. ఫ్లైఓవర్ ఎప్పుడవుతుందని అడగలేదు, ఆ ప్రశ్న అడిగి అడిగి పెద్దవాళ్ళే అలిసిపోయారు. నాలుగో సెక్షన్ కింద మాకు ఏమేం చెప్పాల్సి ఉంది, అది ఏ తేదీన, ఏ భాషలో, ఎక్కడ చెప్పారు అని అడిగాం. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి సంతకం తనే పెట్టారు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. నేను క్యాలెండర్ మీద గ్యాసు బండ తేదీ పక్కనే ఆ తేదీ కూడా రాసి పెట్టుకున్నాను.