వల్లె వేఱు, లెక్క వేఱు

నాలుగవయేడు నడుచుచున్న బాలుడు ఒకటి మొదలు ఇరువది వఱకు తడబడక వప్పగించిన యెడల తలిదండ్రులు సంతసింతురు. చుట్టములు మెచ్చుకొందురు. కాని వానియెదుట ఏడు చింతగింజలు పోసి లెక్కింపుమనుడు. ఒక్కొక్క గింజను ముట్టి ఏడు వఱకు లెక్కించును. పిమ్మట "మొత్త మెన్ని?" యని యడిగినచో, ఆ యీడు పిల్లలలో పలువురు మరల ఒకటినుండి మొదలుపెట్టుదురు. కడపట పలికిన మాటయే గింజల మొత్తమని వారి కింకను తెలియలేదు. వారికి వచ్చినది వల్లెయే కాని లెక్క కాదు.

ఇది యల్పవిషయము కాదు. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి శిశువునకును చదువును లెక్కయు పట్టుబడవలెనని 2021 జూలైలో కేంద్రప్రభుత్వము "నిపుణ్ భారత్" ప్రణాళిక నారంభించి, 2026-27 సంవత్సరమును గడువుగా నిర్ణయించెను. ఉద్దేశము శ్లాఘనీయము. కాని 2024లో గ్రామసీమలయందు జరిగిన "అసర్" పరిశీలనలో, అప్పు తెచ్చుకొనవలసిన రెండంకెల తీసివేతను చేయగలిగిన మూడవ తరగతి పిల్లలు ఇంచుమించు మూడవవంతు మాత్రమే. తక్కిన రెండువంతులవారి గతి యేమి?

ఉపాధ్యాయుల కొఱత మొదలగు కారణములు లేకపోలేదు. అయినను వస్తువులు చూపక మున్నే అంకెలు దిద్దించు తొందరయు నొక కారణమని మా తలంపు. ఒక వస్తువున కొక్కమాటయే చెల్లుననియు, మాటల వరుస మారరాదనియు, తుదిమాటయే మొత్తమనియు, ఏ కొననుండి లెక్కించినను ఫల మొక్కటే యనియు శిశువు గ్రహింపవలెనని గెల్మన్, గాలిస్టెల్ అను పండితులు 1978లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. ఇవి పలకమీద దిద్దిన వచ్చునవి కావు. చేతితో ముట్టి, ఏర్చి, పంచిననే వచ్చును.

పదుల విషయమున మన భాషయే బాలునకు తోడు. ఇరువది యనగా రెండు పదులు, ముప్పది యనగా మూడు పదులు. పదునాలుగున పది ముందు, నాలుగు వెనుక. పుల్లలను పదేసి కట్టలు కట్టి చూపినచో మాటయు వస్తువును ఒక్కటిగా కుదురును. ఆంగ్లమున "ఎలెవెన్" అను మాటయందు పది జాడయే వినబడదు; "ఫోర్టీన్" నందు నాలుగు ముందు వచ్చును. ఆంగ్లము వలదని మే మనుట లేదు. లెక్క మాత్రము మొదట ఇంటిమాటలో కుదురుకొనవలెను.

ఇందులకు వ్యయ మక్కఱలేదు. వామనగుంటల పీటయు, గవ్వలును, పంక్తిలో వేయు విస్తళ్లును చాలును. గ్రామమందలి పెద్దలు, పట్టణవాసులు తమ యూరి బడికిని అంగనవాడికిని ఒకమాఱు పోయి చూతురుగాక. అచ్చటి బిడ్డను "ఎంతవఱకు చెప్పగలవు?" అని యడుగక, "ఏడు గింజ లిమ్ము" అని యడుగుడు. వాని చేతిలోనికి వచ్చిన గింజలే మన విద్యాస్థితిని దెలుపును.