అన్నం - ఔషధం

'లంఖణం పరమౌషధం' అన్నది పెద్దల మాట. అజీర్ణానికి ఆ మాట చెల్లవచ్చునుగాని, పోషకలోపం వల్ల కలిగే వ్యాధులకు చెల్లదు. అక్కడ అన్నమే ఔషధం. అయితే ఆహారం ఉండగా మందులెందుకని కొందరు, మందులుండగా ఆహారనియమం ఎందుకని మరికొందరు వాదిస్తుంటారు. ఈ రెండు వాదాలూ అసంపూర్ణాలే. ఫోలిక్ ఆమ్లం చరిత్రే ఇందుకు నిదర్శనం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిదినాల వ్యవధిలోనే బలిగొన్నది. ఆయన కూడా దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ప్రేగులు దెబ్బతిని, తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించే వ్యాధి అది. అటువంటి స్థితిలో ఎంత మంచి ఆహారమైనా ఒంటరిగా గట్టెక్కించలేదు. తరువాతి కాలంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమైంది.

దీనికి పూర్వమే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించారు. నిరుపేదలైన మిల్లు కార్మికస్త్రీలు అందుకు ఎక్కువగా గురయ్యేవారు. ఈస్టు సారం ఇవ్వగా రోగులు కోలుకున్నారు. అందులోని గుణకారి ఫోలేటేనని పిదప తేలింది. వారి వ్యాధికి మూలం పేదరికపు కంచంలోనే ఉన్నది. కంచం మారనిదే, మందు ఆపిన తరువాత వ్యాధి మరలివచ్చే అవకాశం ఉంటుంది.

1941లో పాలకూర నుండి ఈ విటమిన్‌ను వేరుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అనే అర్థంగల లాటిన్ పదం నుండి దానికి పేరుపెట్టారు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మన వంటింటికి కొత్తవి కావు. ఆకుకూరలను తరిగిన తరువాత కడిగినా, అతిగా ఉడికించి నీరు పారబోసినా ఫోలేట్ చాలావరకు నశిస్తుంది.

అట్లని ఎవరికి వారే మందులు కొని వాడటం క్షేమం కాదు. బి12 లోపించినా ఇదే విధమైన రక్తహీనత కలుగుతుంది. అప్పుడు ఫోలిక్ ఆమ్లం మాత్రమే వాడితే రక్తం మెరుగుపడినట్లు కనిపిస్తుంది. నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. కనుక రక్తపరీక్ష, వైద్యుని సలహా తప్పనిసరి. ఎర్ర రక్తకణం ఆయువు దాదాపు 120 దినాలు. నీరసం తగ్గగానే మందు మానరాదని చెప్పడంలోని ఆంతర్యమిదే.

కౌమారదశలోని విద్యార్థులకు ప్రభుత్వం వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన నీలిరంగు మాత్రను అందించే పథకం ఉన్నది. వికారం కలుగుతుందని కొందరు దానిని పారవేస్తుంటారు. భోజనానంతరం వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. అయితే వారానికొక మాత్ర, మిగిలిన ఆరు దినాల ఆహారానికి ప్రత్యామ్నాయం కాజాలదు. మందు పడినవానిని లేవనెత్తుతుంది. అన్నం లేచినవానిని నిలబెడుతుంది. ఈ రెంటి విలువనూ గుర్తించినప్పుడే ఆరోగ్యం సుస్థిరమవుతుంది.