జీరో టికెట్టు సరే, బస్సేదీ?

2023 డిసెంబర్ 9న తెలంగాణలో స్త్రీలకూ, ట్రాన్స్‌జెండర్లకూ బస్సు ప్రయాణం ఉచితమైన దగ్గర్నుంచీ ఒక మాట తెగ వినబడుతోంది. ఆడవాళ్ళు పనీపాటా లేకుండా ఊరికే బస్సుల్లో తిరుగుతున్నారట! ఈ ‘ఊరికే’ మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. మగవాడు సాయంత్రం బండేసుకుని నాలుగు వీధులు చుట్టొస్తే ఎవరూ అడగరు. ఆడది అమ్మను చూడ్డానికి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా, కిటికీ పక్కన కూర్చుని ఊరు చూసినా లెక్క చెప్పాలి. చెప్పనక్కర్లేదని నా అభిప్రాయం.

మగవాళ్ళ ప్రయాణం చాలావరకు ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి. మనది అలా ఉండదు. పిల్లని బళ్ళో దింపి, రెండిళ్ళలో అంట్లు తోమి, అత్తగారికి మందులు కొని, కూరలు తీసుకుని ఇల్లు చేరాలి. ఇదివరకు దిగి ఎక్కినప్పుడల్లా కొత్త టికెట్టు. అందుకే రెండు మూడు స్టాపుల దూరం నడిచేసేవాళ్ళు. మా బస్తీ సమావేశంలో ఒకావిడ, చార్జీలకే సగం పోతుందని ఇన్నాళ్ళూ దూరంగా ఉన్న ఇళ్ళలో పని ఒప్పుకోలేదనీ, ఇప్పుడు ఒప్పుకున్నాననీ చెప్పింది. పథకానికి ఇంతకన్నా సమర్థన ఏం కావాలి?

అయితే టికెట్టు ఉచితం చేసినంత మాత్రాన బస్సు రాదు. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక హైదరాబాదులో బస్సులు బాగా తగ్గించారు. తగ్గిన బస్సుల్లోకి పెరిగిన జనాన్ని తోసి, తోపులాటకు కారణం ఆడవాళ్ళేనంటే ఎలా? గిరాకీ పోయిందని ఆటోవాళ్ళు చేసే ఆందోళనని కూడా మనమీదికే తిప్పుతున్నారు. ఆటోవాళ్ళ ఇళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు. ఈ తగువు మనకూ వాళ్ళకూ మధ్య కాదు.

కొల్లూరు సంగతి చూడండి. 2023లో ప్రారంభించిన ఆ డబుల్ బెడ్‌రూం కాలనీలో 15,660 ఇళ్ళున్నాయి. నగరం నడిబొడ్డు బస్తీల వాళ్ళకు అక్కడ ఇళ్ళిచ్చారు. ఇల్లయితే వచ్చింది గానీ, పని పాతిక ముప్ఫై కిలోమీటర్ల ఇవతల ఉండిపోయింది. తెల్లారి ఆరింటికి పనిలో ఉండాల్సిన మనిషికి అయిదింటికి బస్సు లేకపోతే ఆ ఇల్లేం చేసుకోను?

2019లో ఇంధనాలు మండించడం వల్ల ప్రపంచంలో వెలువడిన కార్బన్ డయాక్సైడులో 23 శాతం రవాణా రంగానిదేనని ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది. నడిచేవాళ్ళూ, బస్సెక్కేవాళ్ళూ అందులో చేసింది బహు స్వల్పం. కానీ మే నెల ఎండలో నీడలేని స్టాపులో ముప్పావుగంట నిలబడేదీ, ఆ పొగ పీల్చేదీ వాళ్ళే. దారిలో మూత్రశాల ఉండదని పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వడగాడ్పుల రోజుల్లో నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? పర్యావరణ సదస్సుల్లో ఈ మూత్రశాల మాటెత్తితే కొందరు మొహం తిప్పుకుంటారు.

వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. మనకు వచ్చింది మాత్రం ఫ్లైఓవర్లు. వాటిమీద నడవలేం, వాటి కింద రోడ్డు దాటలేం. మెట్రో మంచిదే, కానీ 2025 మేలో దాని చార్జీలు పెంచారు. జీరో టికెట్టు అక్కడ చెల్లదు.

పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించినట్టు 2025లో కేంద్రం ప్రకటించింది. పొగ తగ్గుతుంది, సంతోషమే. కానీ ఈ పద్ధతిలో బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలు. తిరిగిన కిలోమీటర్లకు లెక్కగట్టి డబ్బిస్తారు. డ్రైవర్లు కాంట్రాక్టు మీద పనిచేస్తారు. వాళ్ళలో స్త్రీలెందరుంటారు? బస్సులు ఐటీ కారిడార్‌కే వెళ్తాయా, కొల్లూరుకూ వస్తాయా?

ఇవి మనం ఇప్పుడే, రూట్లు ఖరారు కాకముందే అడగాలి. డిపో మేనేజర్‌కు వినతిపత్రం ఇచ్చి ఊరుకోకుండా, ఏ రూటులో ఉదయం అయిదు నుంచి ఏడులోపు ఎన్ని ట్రిప్పులున్నాయో, 2019కి ముందు ఎన్ని ఉండేవో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా తీసుకోవాలి. మేం మా బస్తీ మీదుగా వెళ్ళే రూట్లతో మొదలుపెడుతున్నాం. మిగతా సంఘాలు కూడా తమ రూట్ల వివరాలు తెప్పిస్తే, వచ్చే బడ్జెట్‌లోపు అన్నీ కలిపి రవాణా మంత్రి ముందు పెట్టవచ్చు.