జాకీ లేపడానికే.. మోయడానికి కాదు

వేరుశనగ విత్తే అదునులో ట్రాక్టరు మొరాయిస్తే ఏ రైతూ చేతులు కట్టుకుని కూర్చోడు. వాన వెలిసిన నాలుగు రోజుల్లో పదును ఆరిపోతుంది. టౌను నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగే తీరిక ఎవరికీ ఉండదు. చెట్టు కింద బండి నిలిపి, జాకీతో లేపి, పక్కన దొరికిన రాయి ఒకటి ఆనించి, గోనెసంచి పరచుకుని కిందికి దూరిపోతారు. అనంతపురం జిల్లాలో ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. దూరేవారు పని తెలిసినవారే, ధైర్యం ఉన్నవారే. అయితే ఆ ధైర్యమంతా గిద్దెడు నూనె మీద, అరిగిపోయే ఒక చిన్న సీలు మీద నిలబడి ఉందన్న సంగతి చాలామంది తలచుకోరు.

బాటిల్ జాకీ పనిచేసే తీరు తెలిస్తే దాని మీద ఇంత నమ్మకం పెట్టుకోరు. కడ్డీ ఆడించినప్పుడు లోపలి నూనె పెద్ద గొట్టంలోకి చేరి, అందులోని ఇనుప స్తంభాన్ని పైకి నెడుతుంది. ఆ నూనె వెనక్కి పోకుండా చిన్న వాల్వు, బయటికి కారకుండా సీలు ఆపుతాయి. సీలు అరిగినా, వాల్వులో ఇసుక నలుసు పడినా నూనె జారుతుంది. బండి మెల్లగా దిగవచ్చు, ఒక్కసారిగానూ దిగవచ్చు. కారుతోపాటు వచ్చే మర జాకీకి నూనె బాధ లేదు గాని, దాని పాదం ఇరుకు. కింద పడుకున్నవాడు బిగుసుకున్న నట్టు మీద పానాతో బలంగా గుంజితే చాలు, జాకీ పక్కకు ఒరుగుతుంది. అది టైరు మార్చుకోవడానికి ఇచ్చిన జాకీ. దాన్ని నమ్మి బండి కిందికి దూరరాదు.

బరువు లెక్క చూసుకుంటే ప్రమాదం ఎంతటిదో తెలుస్తుంది. చిన్న కారయినా వందల కిలోల బరువు ఉంటుంది. పొలం పనులకు వాడే సాధారణ ట్రాక్టరు 2 టన్నుల దాకా ఉంటుంది. అందులో సగానికి పైగా వెనుక ఇరుసు మీదే పడుతుంది. ఇక ట్రాలీలో 75 కిలోల బస్తాలు 60 ఉంటే సరుకే నాలుగున్నర టన్నులు. ఇంత బరువు జారినప్పుడు తప్పుకోవడానికి రెప్పపాటు వ్యవధి కూడా ఉండదు.

జాకీకి తోడు పెట్టే ఆసరాలు మరీ అన్యాయం. కాల్చిన ఇటుక, సిమెంటు ఇటుక బరువు మోస్తున్నట్టే కనిపించి ఉన్నట్టుండి పొడి అవుతాయి. కింద సందు ఉంటే తాడిపత్రి బండ కూడా పుటుక్కున విరుగుతుంది. గుండ్రాయి దొర్లుతుంది. వేరే గతి లేనప్పుడు పగుళ్లు లేని గట్టి కొయ్య దిమ్మెలను అడ్డం, నిలువు వరుసలుగా వెడల్పుగా పేర్చి ఆనించడం వీటన్నిటికన్నా మేలు. అయితే బరువు మోయడానికే తయారైన వస్తువు ఒకటుంది. అదే జాకీ స్టాండు.

కొనేటప్పుడు

జాకీ స్టాండు మూడు కాళ్లో, నాలుగు కాళ్లో ఉన్న ఇనుప పీట. దీనిలో నూనె లేదు, సీలు లేదు. మధ్య గొట్టానికి రంధ్రాలుండి, కావలసిన ఎత్తులో లావు ఉక్కు పిన్ను దూర్చేది ఒక రకం. పళ్ల కడ్డీని మీట పట్టి నిలిపేది మరొక రకం. పల్లెల్లో వాడకానికి పిన్ను రకమే మేలు. పిన్ను దూరిందో లేదో చూడగానే తెలుస్తుంది. పళ్ల రకం కొనదలిస్తే, మీటకు తోడు అదనపు పిన్ను కూడా ఉన్నది చూసి తీసుకోవాలి. 2020లో అమెరికాలో ఒకే దుకాణాల సంస్థ అమ్మిన సుమారు 17 లక్షల స్టాండ్లను, బరువు మీద ఉండగా పళ్లు జారే లోపం ఉందని వెనక్కి పిలిపించారు. అంత పెద్ద దేశంలోనే అలా జరిగినప్పుడు, ఇక్కడ సంతలో కొనేవారు రెండు మార్లు చూసుకోవడం తప్పు కాదు.

స్టాండు మీద వేసిన టన్నుల అంకె ఒక్కోదానికా, జతకా అని అడిగి తెలుసుకోవాలి. చాలా కంపెనీలు జతకు కలిపి రాస్తాయి. జత మోయగల బరువు బండి మొత్తం బరువుకు తక్కువ కాకుండా ఉండాలి. అతుకుల దగ్గర పగుళ్లు, వంకర కాళ్లు, తుప్పు ఉంటే చవకగా వచ్చినా వద్దు. ఊరి వెల్డింగు షాపులో పాత పైపులతో చేయించుకునేవారూ ఉన్నారు. ఆ అతుకు ఎంత బరువు ఆపుతుందో చేసినవారు కూడా చెప్పలేరు. పిన్ను పోతే మేకునో, బోల్టునో దూర్చి సరిపెట్టడం ప్రాణంతో చెలగాటమే.

వాడేటప్పుడు

బండిని సమమైన గట్టి నేల మీదే నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. టైరు విప్పే పని ఉంటే బండి లేపకముందే నట్లు కాస్త వదులు చేసుకోవాలి. దున్నిన చేనులో, తడిసిన నల్లరేగడిలో స్టాండు కాళ్లు దిగబడతాయి. కింద మందపాటి పలక గాని, ఇనుప రేకు గాని వేయక తప్పదు. స్టాండును ఇరుసు కిందో, ఛాసిస్ గట్టి భాగం కిందో పెట్టాలి గాని, ఇంజను ఆయిలు తొట్టి కింద, పలుచని రేకు కింద పెట్టరాదు. ఆ పైన జాకీని మెల్లగా దించి, బరువంతా స్టాండ్ల మీదకు వచ్చేలా చూడాలి. కిందికి దూరకముందే పక్క నుంచి చేత్తో గట్టిగా తోసి చూడాలి. కదిలితే మళ్లీ లేపి సర్దాలి. విప్పిన చక్రాన్ని దూరంగా దొర్లించకుండా బండి కిందే పడుకోబెడితే, అన్నీ తప్పినా అది ఒక ఆసరా అవుతుంది. బయట ఒక మనిషి ఉండాలి. పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు.

ట్రాక్టరుకు మరో చిక్కు ఉంది. దాని ముందు ఇరుసు మధ్యలో తిరుగుడు మీద ఊగుతుంది. వెనుక భాగం లేపినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగిపోగలదు. అందుకని ముందు ఇరుసుకూ, పైభాగానికీ మధ్య రెండు వైపులా కొయ్య చీలలు కొట్టాలి. రోటావేటరును హైడ్రాలిక్ మీద పైకి ఎత్తి, కింద కూర్చుని బ్లేడ్లు మార్చడం మానాలి. ఇంజను ఆపి, రోటావేటరు కింద ఆసరా పెట్టిన తరువాతే చేయి పెట్టాలి. ఎత్తిన ట్రాలీ డబ్బా కింద గ్రీజు పెట్టేవారికీ ఇదే మాట. డబ్బాకు గట్టి ఇనుప ఆసరా పెట్టకుండా తల దూర్చరాదు. అక్కడ కూడా మోస్తున్నది నూనే!

‘ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అని పెద్దలు అంటారు. ఏమీ కానివారు మాత్రమే ఆ మాట చెప్పగలరు. ఖర్చు మాటకొస్తే, మంచి స్టాండ్ల జత ఖరీదు ట్రాక్టరు వెనుక టైరు ఒక్కదాని ధరలో చిన్న భాగం. టైరుకు అప్పు చేయడానికి వెనుకాడని ఇంట్లో, ఇంటి మనిషి రొమ్ము మీద బండి పడకుండా ఆపే వస్తువుకు డబ్బు లేదనడం సబబు కాదు. ఒక్కరికి భారమైతే నలుగురు కలిసి ఒక జత కొని, ఊరి పారలూ గడ్డపారలూ ఇచ్చిపుచ్చుకున్నట్టే వాడుకోవచ్చు.

రైతును మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. కారు కొంటే జాకీ ఇస్తారు, పానా ఇస్తారు. స్టాండు ఇవ్వరు, దాని ఊసే ఎత్తరు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి. పల్లెల్లోనూ పాత కార్లు పెరిగాయి. వాటి కింద దూరే కుర్రాళ్లకు మాత్రం జాగ్రత్త చెప్పేవారు లేరు. రోడ్డు పక్క షెడ్లలో పని నేర్చుకునే పిల్లలు గురువు చేసినట్టే చేస్తారు. గురువు రాయి పెడితే వారూ రాయే పెడతారు.

గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఐటీఐలలో ట్రాక్టరు, డీజిల్ మెకానిక్ పనులు నేర్పుతున్నారు. అక్కడి బోధకులు నెలకొక్క ఊరికి వచ్చి, చావడి ముందు ఒక పూట ఈ పని చేసి చూపితే చాలు. రాయితీ మీద ట్రాక్టరు ఇచ్చేటప్పుడు స్టాండ్ల జత కూడా కలిపి ఇచ్చేలా వ్యవసాయ శాఖ నిబంధన పెట్టాలి. సహకార సంఘాలు, రైతు సేవా కేంద్రాలు రెండు జతలు ఉంచి నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు, పట్టించుకుంటే చాలు.

అంతవరకు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు ఒక మాట అడగడం అలవాటు చేసుకోవాలి. బండి కిందికి దూరే మనిషిని ‘స్టాండు పెట్టావా?’ అని అడగాలి. లేదంటే దూరనీయకూడదు. పదును పోతే మళ్లీ వానకు ఎదురుచూడవచ్చు. పోయిన మనిషి కోసం ఎదురుచూసి ప్రయోజనం లేదు.