కొడుకు వెళ్ళాక తల్లి ఎవరు?

మన పత్రికల్లో ఈ మధ్య ఒక కథ తరచుగా వస్తున్నది. రాసేవాళ్ళు మారుతున్నారు గాని కథ మారటంలేదు. భర్త పోయినదో, భర్తను వదిలినదో ఒక తల్లి బిడ్డను ఒంటరిగా పెంచుతుంది. బిడ్డ కాలేజీ చదువుకని హాస్టలుకు వెళతాడు. ఇల్లు బోసిపోతుంది. తల్లి నాలుగు రోజులు కుమిలి, అయిదోనాడు అటక మీది వీణ దించి, దుమ్ము దులిపి, తనను తాను కనుగొంటుంది!

ఒకప్పుడు ఇటువంటి తల్లికి మన సాహిత్యంలో దక్కినవి జాలీ, పూజా. ఆ రెంటికన్నా వీణ నయమే, కాదనను. కాని ఈ కథ పాఠకుడికి ఒక అబద్ధం అంటగడుతున్నది. ఆమె "తాను" పద్ధెనిమిదేళ్ళపాటు అటక మీద చెక్కుచెదరకుండా వున్నదట. కింద వంటా, ఉద్యోగమూ చేసింది మరెవరోనట. నేనూ కొడుకును ఒంటరిగా పెంచినదాన్నే కనక అడుగుతున్నాను: ఇల్లు అద్దెకిచ్చేవాడు "మీవారేం చేస్తారు?" అన్నప్పుడు జవాబు చెప్పినది ఎవరు? బడి అర్జీలో తండ్రి సంతకానికి వదిలిన చోట తన సంతకం పెట్టి, గుమాస్తాతో వాదించినది ఎవరు?

ఆ గుమాస్తా వెనక చట్టం వుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరవ సెక్షను మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, అతని తరువాతనే తల్లి అనీ చెప్పింది. "తరువాత" అంటే అతను చచ్చిన తరువాతే కానక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పటానికి 1999 దాకా పట్టింది. ఆ కేసు వేసిన గీతా హరిహరన్ నవలా రచయిత్రి. పెళ్ళికాని తల్లి, తండ్రి పేరు బయట పెట్టకుండానే సంరక్షకురాలు కావచ్చునన్న తీర్పు 2015లో గాని రాలేదు. ఇన్ని గడపలు ఎక్కి దిగిన మనిషి తనెవరో తెలుసుకోవటానికి కొడుకు రైలెక్కేదాకా ఆగిందంటే నేను నమ్మను.

పైగా ఈ వీణ ఎవరింటి అటక మీద వుంటుంది? నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఒంటరి తల్లికి కూలి వెయ్యి బీడీలకింత అని లెక్క. కూతురు కాలేజీలో చేరితే ఆమెకు తీరిక చిక్కదు, చుట్టవలసిన బీడీలు పెరుగుతాయి. ఆమెను గురించి మన కథకులు రాయరు; రాస్తే అది త్యాగం కథ అవుతుంది.

ఇంతమాత్రం చేత, ఇదంతా మధ్యతరగతి వ్యక్తివాదమని కొట్టిపారేసే మన విమర్శక మిత్రులతో నేను ఏకీభవించను. వాళ్ళందరూ గోర్కీ "అమ్మ"ను తలకెత్తుకున్నవాళ్ళే. క్రొవ్విడి లింగరాజుగారి అనువాదంలో చదివినవాళ్ళూ వున్నారు. నీలోవ్నా ఎవరు? తాగి కొట్టే భర్త చచ్చాక కొడుకుతో మిగిలిన ఆడది. నలభై ఏళ్ళ వయసులో, ఇంట్లో వుండే ఆంద్రేయ్ సాయంతో, సిగ్గుపడుతూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ అక్షరాలు దిద్దింది. కొడుకు అరెస్టయితే, తిండి అమ్మేదాని తోడుగా ఫ్యాక్టరీలోకి కరపత్రాలు చేరవేసింది. మొదట అది కొడుకును కాపాడటానికే. లోపల కరపత్రాలు పంచుతూ వుంటే పోలీసులు అతన్ని అనుమానించరని. పోను పోను ఆ పని ఆమె సొంతమైంది. మనం ఆ నవలను విప్లవకారుడి తల్లి కథగా పాఠం చెబుతాం. ఆ అక్షరాలు దిద్దటం మటుకు దాటేస్తాం. అది వ్యక్తివాదమా, మిత్రులారా?

నీలోవ్నాకు సభ ఇంట్లోనే జరిగింది. కుర్రాళ్ళు ఆమె సమోవారు చుట్టూ చేరారు. మన సభలో? సాయంత్రం ఆరున్నరకు మొదలై పదింటికి ముగుస్తుంది. అది బిడ్డకు అన్నం పెట్టి, హోంవర్కు చూసి, నిద్రపుచ్చే వేళ. ఆదివారం పగలు పెట్టండి, పిల్లలను తీసుకు రానివ్వండి, మూల ఒక చాప వేయండి అని నేను పదేళ్ళనాడు ఒక సంఘంలో అడిగితే "చూద్దాం" అన్నారు. స్త్రీ సమస్య మీద తీర్మానం మటుకు ఏటా తప్పలేదు. నా కొడుకు పోయినేడు కాలేజీకి వెళ్ళాడు. ఇప్పుడు నాకు ఆరున్నర వీలే. వీలు కానివాళ్ళు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్ళ పిల్లలు ఇంకా ప్రాథమిక పాఠశాలలో వున్నారు.