ట్రాక్ బండికి చవక రేర్‌సెట్లు

"ట్రాక్ మీద తోలడానికి బండికి చవగ్గా మంచి రేర్‌సెట్లు ఏవో చెప్పు" అని అడిగే మా గోదావరి జిల్లాల కుర్రాళ్ళు ఈ మధ్య బాగానే తయారయ్యారు. 2023 సెప్టెంబరులో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగాక ఈ మోజు ఇంకాస్త పెరిగిందని నా అనుమానం. (రేర్‌సెట్టంటే తెలియనివారికి: రెండు పక్కలా ఫుట్‌రెస్టు, దాన్ని పట్టుకునే ప్లేటు, ఎడమ పక్క గేరు రాడ్డు, కుడి పక్క బ్రేకు పెడలు, అన్నీ కలిపి కంపెనీవాడు పెట్టినదానికంటే కాస్త పైకీ వెనక్కీ వచ్చేలా చేసిన సరంజామా.)

నేను చెప్పే మొదటి మాట ఎవరికీ నచ్చదు. ఇప్పుడే కొనకండి.

మనకి దగ్గర్లో ఉన్న అసలైన రేసు ట్రాక్ చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో మొదలైంది, చుట్టు కొలత 3.7 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి పాత ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు హైవే పట్టుకుని ఆరు వందల కిలోమీటర్ల దాకా పోవాలి. ఏడాదికి రెండుసార్లు వెళ్తే గొప్ప. రెండుసార్లకి వేలు పోసేముందు ఓ చిన్న లెక్క వేసుకుందాం. టైరు నేలని తాకే చోటు నుంచి ఫుట్‌రెస్టు చివర పక్కకి 35 సెంటీమీటర్లు, ఎత్తు 30 సెంటీమీటర్లు ఉందనుకోండి. టైరు గుండ్రాన్నీ, సస్పెన్షన్ కుంగడాన్నీ పక్కన పెడితే, బండి 40.6 డిగ్రీలు వాలాక ఫుట్‌రెస్టు నేలకి గీసుకుంటుంది. దాన్ని 2 సెంటీమీటర్లు పైకి లేపితే 42.4 డిగ్రీలు. అంటే మనం కొనుక్కుంటున్నది రెండు డిగ్రీలు కూడా లేదు. మలుపులో సీటు మీంచి సగం కిందకి జరిగి, ఒంటిని లోపలికి వేలాడదీస్తే అదే వేగానికి బండి అంతకన్నా తక్కువే వాలుతుంది, పైసా ఖర్చు లేకుండా. వెనక స్ప్రింగుకి ప్రీలోడ్ తిప్పే వీలుంటే, మన బరువుకి తగ్గట్టు బిగించినా కొంత కలిసొస్తుంది. ఇవేవీ చెయ్యకుండా, అరిగిన టైర్లతో రేర్‌సెట్లు తగిలించుకుని వెళ్ళడమంటే, పందెంకోడికి బాదంపప్పులు మేపి కాలికి తుప్పు కత్తి కట్టినట్టు.

అదీగాక కంపెనీ ఫుట్‌రెస్టు మడతపడుతుంది, దాని కింద ఓ బొడిపె ఉంటుంది. అది ముందు గీసుకుని, "ఇక చాలు బాబూ" అని చెప్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ హెచ్చరిక చాలా అవసరం. మడతపడని ఫుట్‌రెస్టు నేలకి తగిలి, ఆ ధాటికి వెనక చక్రం లేచిందంటే మళ్ళీ చెప్పడానికి టైముండదు.

సరే, ఒంటిని వేలాడదీయడం వచ్చింది, టైర్లు బాగున్నాయి, అయినా ప్రతి మలుపులో ఫుట్‌రెస్టు అరుగుతోంది. అప్పుడు కొనాల్సిందే. ఇక్కడే "చవక" అన్న మాట దగ్గర గొడవ.

ఐదారు వేలకి దొరికే సెట్టు ఒకటి, ముప్పై వేలు దాటే విదేశీ సెట్టు ఒకటి పక్కపక్కన పెడితే మొదటిది చవకని ఎవరైనా అంటారు. నేను అడిగేది వేరే ప్రశ్న: కింద పడ్డాక ఎంత? ట్రాక్ మీద పడడమన్నది జరిగితే కాదు, జరిగినప్పుడు. పడితే మొదట పోయేది ఫుట్‌రెస్టు రాడ్డూ, కాలివేళ్ళ దగ్గరుండే చిన్న ముక్కా. ఆ రెండూ విడిగా దొరక్కపోతే సెట్టంతా మళ్ళీ కొనాలి. అమెరికావాళ్ళ వుడ్‌క్రాఫ్ట్ లాంటి సెట్లకి ట్రాక్ జనంలో పేరు రావడానికి కారణం మెరుపు కాదు, ప్రతి ముక్కా విడిగా అమ్మడం. ఊరూపేరూ లేని సెట్లలో కూడా మామూలు ఎం8 బోల్టుతో ఫుట్‌రెస్టు బిగించేవి ఉంటాయి. అలాంటిది చూసుకోండి. విచిత్రమైన ఆకారంలో, వాడికే తెలిసిన కొలతల్తో చేసినది ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఎందుకంటే మామూలు ముక్కైతే మన దగ్గర లేతు షాపులున్నాయి. రైసు మిల్లులకీ, భీమవరం చెరువుల్లో తిరిగే ఏరేటర్లకీ షాఫ్టులు తిప్పే చేతులకి పాతిక మిల్లీమీటర్ల అల్యూమినియం రాడ్డుతో ఫుట్‌రెస్టు తియ్యడం ఓ పనా! బూటు జారకుండా పైన నర్లింగు వేయించుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: చివర పదునుగా వదలొద్దని. ఎఫ్ఐఎం రేసు నిబంధనల్లో ఆ చివర కనీసం 8 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలని ఉంది. మడతపడేదైతే దానంతటదే వెనక్కి రావాలని కూడా ఉంది. ఎందుకు పెట్టారో, పడినప్పుడు పిక్క దగ్గర ఏముంటుందో ఊహించుకుంటే చాలు.

లోహం విషయంలో అమ్మేవాళ్ళు "7075 అండీ, విమానాలకి వాడేది" అని ఊదరగొడతారు. నిజమే, గట్టిదే. 6061-టీ6 సుమారు 275 మెగాపాస్కల్స్ దగ్గర వంగడం మొదలుపెడితే, 7075-టీ6 దాదాపు 500 దాకా ఆగుతుంది. కానీ ఫుట్‌రెస్టు వంగకపోతే ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది? ప్లేటుకి, అదీ ఆగితే ఫ్రేములో ఉన్న మరలకి. ఇంట్లో ఫ్యూజు బదులు లావు తీగ చుట్టినట్టు ఉంటుంది వ్యవహారం. పైగా తుప్పు తట్టుకోవడంలో 7075 కంటే 6061 మేలు. కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అల్యూమినియంలో స్టీలు బోల్టు బిగించి రెండు వానాకాలాలు వదిలేస్తే ఇక అది ఊడదు. బిగించేటప్పుడే కాస్త కాపర్ గ్రీజు రాయండి. విరిగిన ప్లేటుని వెల్డింగు చేయించి మళ్ళీ వాడొద్దు, వేడి తగిలిన చోట టీ6 బలం చాలావరకు పోతుంది. పైకి కనబడదు.

ఇప్పటిదాకా చెప్పిన పొదుపంతా ఫుట్‌రెస్టుల వరకే. కుడి పక్క బ్రేకు పెడలు దగ్గర నేను పిసినారితనం ఒప్పుకోను. చవక సెట్లలో నాకు భయం వేసేది అదే. పెడల్ని చేత్తో పట్టుకుని పక్కలకి ఊపండి. టకటకమంటే లోపల బుష్ లేదు, లేదా ఉన్నా పేరుకే. తర్వాత పెడలు నొక్కుతూ మాస్టర్ సిలిండర్ రాడ్డు చూడండి. అది తిన్నగా లోపలికి పోవాలి. వంకరగా తోస్తే పిస్టను ఒక పక్క అరిగి, ఏదో ఒకరోజు ఇరుక్కుంటుంది. పెడలుకి కొంచెం ఖాళీ ఆట లేకపోయినా ప్రమాదమే: బ్రేకు ఎప్పుడూ కొద్దిగా పట్టి ఉండి, ఆయిలు వేడెక్కి, చివరికి చక్రం బిగుసుకుపోవచ్చు. ఈ పరీక్షల్లో తప్పిన సెట్టు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. కుడి పక్క కంపెనీదే ఉంచి, కంపెనీ బ్రాకెట్టుకే లేతు మీద తీసిన ఫుట్‌రెస్టు పెట్టుకోవడం నయం. చూడ్డానికి బాగోదంటారా, హెల్మెట్లోంచి అది ఎలాగూ కనబడదు :)

ఎడమ పక్క అంత ప్రాణం మీదకి రాదు గానీ, గేరు రాడ్డు రెండు చివర్లా మరలు తగినంత లోపలికి వెళ్ళాయో లేదో చూసుకోండి. రెండు మూడు చుట్ల మీద వేలాడుతుంటే గేరు మార్చేటప్పుడు ఊడి చేతికొస్తుంది. కాలికొస్తుందనాలేమో.

చివరగా అసలు ట్రాకుకే వెళ్ళనివాళ్ళ సంగతి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో మోకాలు ఆనించాలని రేర్‌సెట్లు పెట్టేవాళ్ళున్నారు. ఆ మలుపు అవతల కర్రల లారీ ఉంటుందో, మేకల మంద ఉంటుందో దేవుడికే తెలియాలి. ఆ సెట్లలో చాలావాటికి వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్టులు ఉండవు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది చూడండి, వెనక సీటున్న బండికి పట్టుకునే పిడీ, ఫుట్‌రెస్టూ, బట్టలు చక్రంలో పడకుండా అడ్డూ ఉండి తీరాలి. కంపెనీ స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా మార్చిన బండ్ల రిజిస్ట్రేషన్ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అవన్నీ అటుంచండి. ఆదివారం పొద్దున్నే ఘాట్‌కి వెళ్ళొచ్చిన అదే బండి మీద సాయంత్రం అమ్మనో చెల్లెల్నో ఎక్కించుకుని మార్కెట్టుకి వెళ్తారు కదా, ఆవిడ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? ఊళ్ళో తిరిగే బండే ట్రాకుకీ వెళ్తుంటే, ఊడదీసిన కంపెనీ సామానంతా బోల్టులతో సహా ఓ సంచిలో కట్టి పెట్టుకుని, చెన్నై నుంచి రాగానే మళ్ళీ బిగించండి. అరగంట పని.